సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రత్యేక ప్రదర్శనను తీరిగ్గా చూడడం ఎలా

హైదరాబాద్‌లో మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి ఏ సెలవు రోజున వెళ్ళినా, గంట కొట్టే వేళకు సంగీత గడియారం ముందు నిలబడడానికి చోటు దొరకదు. గడియారంలోంచి గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళ్ళిపోగానే జనమంతా చెదిరిపోతారు. సరిగ్గా ఆ సమయంలో, అదే ప్రాంగణంలో, కొద్ది రోజుల కోసం మాత్రమే ఏర్పాటు చేసిన ప్రత్యేక ప్రదర్శన గదిలో పదిమంది కూడా కనిపించరు. ఈ తేడాను నేను ఎన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ బాధ కలిగింది. గడియారం వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది, కాని ఆ గదిలోని కాగితాలూ పట్టుబట్టలూ మళ్ళీ ఎప్పుడు వెలుగు చూస్తాయో చెప్పలేము.

దీనికి కారణం తెలిస్తే ప్రదర్శనను చూసే తీరే మారిపోతుంది. నిజాంకు దివాన్‌గా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో మరణించిన తరువాత, ఆయనా ఆయన పెద్దలూ సేకరించిన వస్తువులతో ఏర్పడిన మ్యూజియాన్ని 1951 డిసెంబర్ 16న ఆ కుటుంబపు పాత భవంతి దివాన్ దేవ్‌డీలో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది. ఆ సేకరణ ఎంత విస్తారమైనదంటే, గ్యాలరీల్లో మనకు కనిపించేది దానిలో ఒక భాగం మాత్రమే, మిగిలినది స్టోరులో భద్రంగా ఉంటుంది. అయితే స్థలం చాలకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. పాలరాయి, కంచు, జేడ్ అనే విలువైన రాయి వంటివి ఎన్నేళ్ళు వెలుగులో ఉన్నా తట్టుకుంటాయి. చేతిరాత ప్రతులు, సూక్ష్మచిత్రాలు, పట్టు, కలంకారీ వస్త్రాలు తట్టుకోలేవు. వెలుతురు పడినకొద్దీ రంగులు వెలిసిపోతాయి, నూలు చివుకుతుంది. ఇలా జరిగిన నష్టం కూడుతూ పోతుందే తప్ప, మళ్ళీ చీకట్లో పెట్టినంత మాత్రాన తీరదు. అందుకే ఇటువంటి వస్తువులను దాదాపు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురులోనే, అదీ పరిమిత కాలమే చూపాలని సంరక్షకులు నియమం పెట్టుకుంటారు. మనం ఇంట్లో చదువుకునే బల్ల మీద పడే వెలుతురు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంటే ప్రత్యేక ప్రదర్శనలో ఒక తాళపత్రమో, ఒక ఖురాన్ ప్రతో మన కంటి ముందు ఉన్న ప్రతి గంటా దాని ఆయుష్షులోంచి ఖర్చవుతున్న గంటే.

కాబట్టి మొదట చేయవలసింది, ప్రదర్శన మొదలయ్యే తేదీ కన్నా ముగిసే తేదీని తెలుసుకోవడం. మొదలైన రోజు వార్త పత్రికల్లో వస్తుంది, ముగింపు గురించి ఎవరూ రాయరు. చేతిరాత ప్రతుల ప్రదర్శన ఒకటి జరుగుతోందని తెలిసి, వచ్చే ఆదివారం వెళ్దామని రెండు ఆదివారాలు వాయిదా వేసి, మూడో ఆదివారం వెళ్ళి ఖాళీ అద్దాల బల్లలను చూసి తిరిగి వచ్చిన అనుభవం నాకు ఉంది. ఇప్పుడు వార్త చూసిన వెంటనే ముగింపు తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, దానికి కనీసం పది రోజుల ముందే మొదటిసారి వెళ్ళేలా చూసుకుంటున్నాను; ఎందుకంటే మంచి ప్రదర్శనను రెండుసార్లు చూడాలనిపిస్తుంది.

ప్రదర్శనలు ఏ కాలంలో ఎక్కువగా ఉంటాయో ఊహించడం కష్టం కాదు. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, నవంబర్ 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవాలు. దేశంలోని చాలా మ్యూజియాలు ఈ రోజుల్లో ఏదో ఒక ప్రదర్శననో, ఉపన్యాసాన్నో ఏర్పాటు చేస్తాయి. కొన్నిచోట్ల ప్రవేశం ఉచితంగా కూడా ఉంటుంది. సాలార్‌జంగ్ విషయంలో వీటికి తోడు జూన్ నెల మీద ఒక కన్ను వేసి ఉంచాలి, ఎందుకంటే మూడవ సాలార్‌జంగ్ పుట్టినది 1889 జూన్‌లో. దినపత్రికల హైదరాబాద్ అనుబంధాలు, మ్యూజియం వారి సామాజిక మాధ్యమ పేజీలు చూస్తూ ఉంటే సరిపోతుంది. బయలుదేరే ముందు ఒకసారి ఫోన్ చేసి, ప్రదర్శన ఏ బ్లాకులో ఉంది, దానికి వేరే టికెట్ కావాలా, ఫోటోలు తీయనిస్తారా అని అడిగి తెలుసుకోవాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు అన్న సంగతిని బయటి ఊళ్ళ నుంచి వచ్చేవారు తరచుగా మరచిపోతుంటారు.

వెళ్ళే ముందు రాత్రి ఒక అరగంట చదువుకోవడం నా దృష్టిలో టికెట్ ఎంత అవసరమో అంత అవసరం. కేంద్ర సాంస్కృతిక శాఖ వారి మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో సాలార్‌జంగ్ వస్తువుల ఫోటోలు, వివరాలు ఉన్నాయి. ప్రదర్శన విషయం తీసుకుని, దానిలో ఒక్క అంశం మాత్రమే నేర్చుకుంటే చాలు. ఉదాహరణకు పారసీక, అరబ్బీ చేతిరాతల ప్రదర్శన అనుకుందాం. ఆ భాషలు రాకపోయినా, నస్ఖ్ లిపికీ నస్తాలీఖ్ లిపికీ తేడా పట్టుకోవడం పది నిమిషాల్లో వస్తుంది. నస్ఖ్ అక్షరాలు గీత మీద కూర్చున్నట్టు నిలకడగా ఉంటాయి. నస్తాలీఖ్‌లో ప్రతి పదమూ కుడి పైనుంచి ఎడమ కిందికి ఊయలలా జారుతూ దిగుతుంది. ఈ ఒక్క తేడా తెలిసి లోపలికి వెళ్ళినవారికి అంతవరకు ఒకేలా కనిపించిన పుటలన్నీ ఒక్కొక్కటి ఒక్కో లేఖకుడి చేయిగా విడిపోయి కనిపిస్తాయి. వస్త్రాల ప్రదర్శన అయితే అద్దకానికీ నేతకూ తేడా, ఆయుధాలదైతే పిడి మీద పనికీ అలుగు మీద పనికీ తేడా తెలుసుకుని వెళ్ళాలి.

ఆ రోజు ఉదయం పదింటికి తలుపులు తెరిచే వేళకే చేరుకోవడం మంచిది. సంచులు క్లోక్‌రూమ్‌లో పెట్టి నేరుగా ప్రత్యేక ప్రదర్శనకే వెళ్ళాలి. చాలామంది శాశ్వత గ్యాలరీలన్నీ తిరిగి, కాళ్ళు నొప్పులు పుట్టిన తరువాత చివరికి ఇక్కడికి వస్తారు. అప్పటికి కన్ను కూడా అలసిపోయి ఉంటుంది. గదిలో వెలుతురు తక్కువగా ఉందని నిరాశపడకుండా, గుమ్మం దగ్గరే రెండు మూడు నిమిషాలు ఆగితే చూపు ఆ మసకకు అలవాటు పడుతుంది. ఆ తరువాత వెంటనే మొదటి వస్తువు దగ్గర ఆగిపోకుండా, గది మొత్తం ఒకసారి నెమ్మదిగా చుట్టి రావాలి. రెండోసారి తిరిగేటప్పుడు మిమ్మల్ని ఆపిన రెండు మూడు వస్తువుల దగ్గర మాత్రమే నిలబడాలి. అన్నీ చూడాలన్న పట్టుదల ఏదీ చూడనివ్వదు.

ఒక్క వస్తువు దగ్గర పది నిమిషాలు ఏం చేయాలన్న సందేహం రావచ్చు. దీనికి ఆ మ్యూజియంలోనే మంచి పాఠశాల ఉంది. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెన్జోని చెక్కిన, బైబిల్‌లోని స్త్రీ అయిన రెబెకా మేలిముసుగుతో ఉన్న విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. ముందు నిలబడితే పల్చని గుడ్డ వెనుక ముఖం కనిపిస్తున్నట్టు ఉంటుంది; నిజానికి అక్కడ గుడ్డా లేదు, దాని వెనుక ముఖమూ లేదు, ఉన్నది ఒకే రాతి ఉపరితలం. రెండడుగులు పక్కకు జరిగి ముక్కు పక్కన, గడ్డం కింద నీడలు ఎలా మారుతున్నాయో చూడండి. మడతలు ఎక్కడ లోతుగా చెక్కారో, ఎక్కడ దాదాపు చెక్కకుండా నునుపుగా వదిలేశారో చూస్తే, కంటికి ఆ భ్రమ ఎక్కడ పుడుతోందో అర్థమవుతుంది. ఇలా పక్కకు జరిగి, వంగి, వెనక్కి వెళ్ళి చూసే అలవాటును అద్దం వెనుక ఉన్న చిన్న చిత్రానికీ అన్వయించవచ్చు. పక్క నుంచి చూస్తే బంగారు పూత మెరుస్తుంది, ఎదురుగా చూస్తే గీత తెలుస్తుంది.

పేరు పట్టీని వస్తువును చూసిన తరువాతే చదవాలని నా సలహా. చదివేటప్పుడు ఏ పదార్థం, ఏ ఊరు, ఏ కాలం అన్న మూడింటి మీద దృష్టి పెట్టాలి. సాలార్‌జంగ్ వంటిచోట హిజ్రీ, అంటే ఇస్లామీయ పంచాంగపు సంవత్సరాలు తరచుగా ఎదురవుతాయి. చాంద్రమాన సంవత్సరం మన సంవత్సరం కన్నా పదకొండు రోజులు చిన్నది కనుక, హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా క్రీస్తు శకం వస్తుంది. హిజ్రీ 1000 అంటే 1591-92. కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌కు పునాది వేసిన కాలం అదే కదా అని అక్కడికక్కడే గుర్తుకు వస్తే, ఆ తేదీ ఉన్న కాగితం ఒక్కసారిగా మన ఊరి కాగితమైపోతుంది.

ప్రత్యేక ప్రదర్శన ముగించాక, దానికి సంబంధించిన శాశ్వత గ్యాలరీ ఒక్కటి చూడాలి. మొఘల్ చిత్రాలు చూసి వచ్చినవారికి జేడ్ గ్యాలరీలో నూర్జహాన్‌దిగా చెప్పే బాకు, ఢిల్లీ సుల్తాన్ ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన పుస్తక పీఠం ఇంకోలా కనిపిస్తాయి. ఆ తరువాత మధ్యాహ్నం పన్నెండుకు గడియారం దగ్గరికి పావుగంట ముందే చేరుకుంటే పిల్లలకు ముందు వరుసలో చోటు దొరుకుతుంది, పన్నెండు గంటలూ వినవచ్చు.

పిల్లలను తీసుకువెళ్ళేటప్పుడు ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిల్ ఇవ్వాలి; సిరా మరక ప్రమాదం కనుక పెన్ను వద్దు. బొమ్మ గీయమంటే వారు మనకన్నా ఎక్కువసేపు నిలబడి చూస్తారు. పెద్దవారిని తీసుకువెళ్ళడం ఇంకా మంచిది. పాత వస్త్రాల ప్రదర్శనలో మా అమ్మమ్మ ఒక అంచు చూసి, అది ఏ పద్ధతి నేతో, మగ్గం మీద దానికి ఎందుకు ఎక్కువ రోజులు పడుతుందో చెప్పింది. ఆ మాటలు పేరు పట్టీలో లేవు.

ఉపన్యాసాలకూ, చేతిపనుల ప్రదర్శనలకూ వెళ్ళినప్పుడు ముందు వరుసలో కూర్చోవడానికి మనవారు మొహమాటపడతారు. అలా వెనక్కి తగ్గవలసిన పని లేదు. ఉపన్యాసం ఆంగ్లంలోనో ఉర్దూలోనో సాగినా, చివర్లో ప్రశ్నను తెలుగులో అడగవచ్చు. ప్రదర్శనను రూపొందించిన క్యూరేటర్ అందుబాటులో ఉంటే, ఈ ప్రదర్శనలో పెట్టాలనుకుని పెట్టలేకపోయిన వస్తువు ఏమిటని అడిగి చూడండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. దానికి వచ్చే జవాబులో స్టోరు తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది.

ఒక్కోసారి మన వస్తువుల ప్రత్యేక ప్రదర్శన మన దగ్గర జరగదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వకాల్లో దొరికిన బౌద్ధ శిల్పాలు 2023 జూలై 21 నుంచి నవంబర్ 13 వరకు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ కళ మీద జరిగిన ప్రదర్శనలో ఉన్నాయి, తరువాత దక్షిణ కొరియా రాజధాని సోల్‌కు వెళ్ళాయి. విదేశాల్లో ఉన్న తెలుగువారు తాము ఉంటున్న ఊరి మ్యూజియంలో ఏం జరుగుతోందో గమనిస్తూ ఉండాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. లండన్‌లో ఉన్నవారికైతే బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ఒక గదే ఉంది.

బయటికి వచ్చే ముందు సందర్శకుల పుస్తకంలో తప్పకుండా రాయాలి. చాలా బాగుంది అని కాకుండా, ఏ వస్తువు దగ్గర ఎక్కువసేపు ఉన్నారో, ఏ పేరు పట్టీ చదవడానికి ఇబ్బంది అయిందో, ఎక్కడ తెలుగు వివరణ ఉంటే బాగుండేదో తెలుగులోనే రాయండి. ఇంటికి చేరిన సాయంత్రమే, మీరు చూసిన ఆ రెండు మూడు వస్తువుల గురించి నాలుగు వాక్యాలు నోటుపుస్తకంలో రాసుకోండి. రాస్తున్నప్పుడు గుర్తుకు రాని వివరం ఒకటి తప్పకుండా ఉంటుంది: అంచు ఎరుపా, ఆకుపచ్చా, గుర్రం ఎటు తిరిగి ఉంది, పుట మూలన ముద్ర ఎవరిది. ముగింపు తేదీకి ఇంకా పది రోజులు ఉన్నాయి కనుక, ఆ ప్రశ్నతో రెండోసారి వెళ్ళవచ్చు.