బోరు నీటికి ఫ్లోరైడ్ కిట్ తీసే ముందు

ఎండాకాలం దగ్గర పడింది. నల్గొండ, ప్రకాశం వైపు ఊళ్లలో రంగును బట్టి ఫ్లోరైడ్ ఎంతుందో చూపే కిట్లతో పరీక్షలు మొదలుపెట్టేవాళ్లు ఇవి చూసుకోండి.

• రంగు లీటరుకు 1, 1.5 మిల్లీగ్రాముల మధ్య ఎటూ తేలకపోతే ఆ బోరుకు "తాగొచ్చు" అని రాయకండి. మన దేశ తాగునీటి ప్రమాణంలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే నీరు లేకపోతేనే 1.5. కంటికి ఆ తేడా సరిగా అందదు. పిల్లల పళ్లకు, ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) వెనక్కి పోదు కాబట్టి అలాంటి శాంపిల్‌ను ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్‌కు పంపాల్సిందే.

• పటిక వేసిన నీటిని నమ్మొద్దు. అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని రీడింగ్‌ను తగ్గించి చూపిస్తుంది.

• బ్లీచింగ్ కలపకముందే శాంపిల్ పట్టండి. క్లోరిన్ రంగునే విరగ్గొడుతుంది.

• కిట్‌ను ముందు ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన ద్రావణంతో పరీక్షించండి. 221 మిల్లీగ్రాముల ఎండిన సోడియం ఫ్లోరైడ్‌ను డిస్టిల్డ్ నీటిలో కరిగించి లీటరు చేస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వస్తుంది. దాన్ని వంద రెట్లు పలచన చేస్తే 1. పాత రియేజెంట్ (కిట్‌లోని రంగు రసాయనం) సంగతి ఇక్కడే బయటపడుతుంది. నా దృష్టిలో ఎక్కువమంది వదిలేసేది ఇదే. సోడియం ఫ్లోరైడ్ పొడి విషం, సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి.

• గాజు వద్దు, ప్లాస్టిక్ సీసాలే.

• రంగును నీడలో, పగటి వెలుతురులో, కిట్ చెప్పిన నిమిషాలకే పోల్చండి.