28 గేజ్, 410 తుపాకులకు చోక్: దెబ్బ తగిలినా పిట్ట ఎగిరిపోతుంటే

మన దగ్గర కౌజు, పూరేడు పిట్టల వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఉదయగిరి మెట్టల్లో ఎవరూ ఈ పని పెట్టుకోవద్దు. కావలి నుంచి, ఒంగోలు నుంచి టెక్సస్ వెళ్లి, అక్కడ లైసెన్సు తీసుకుని క్వయిల్ (పూరేడు జాతి పిట్ట) వేటకు పోయే మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సంక్రాంతికి ఊరికొస్తే అందరూ అడిగేది ఒకటే: "బాబాయ్, ఏ చోక్ కొనమంటావు?" చోక్ అంటే తుపాకీ గొట్టం కొసన బిగించే ట్యూబ్; కొసను ఎంత బిగిస్తే గుండ్లు అంత తక్కువ చెదురుతాయి. 28 గేజ్, 410 రెండూ సన్న గొట్టం తుపాకులు. ముందు కాగితం మీద కాల్చి చూశావా అంటే మాట ఉండదు.

దగ్గర పిట్ట తప్పిపోతోంది, తగిలితే తునకలవుతోంది

చోక్ మరీ బిగుతు. కుక్క లేపిన క్వయిల్‌ని ఎక్కువసార్లు కొట్టేది 25 గజాల లోపే. బిగుతు తక్కువుండే స్కీట్ గానీ ఇంప్రూవ్డ్ సిలిండర్ గానీ పెట్టండి. ట్యూబ్ అంచు మీది గాట్లు కూడా చూసుకోండి. చాలా కంపెనీల ట్యూబుల్లో ఒక గాటు ఉంటే ఫుల్ (బాగా బిగుతు), ఐదుంటే సిలిండర్ (బిగుతే లేనిది). దీన్ని తిరగేసి చదివి, సిలిండర్ అనుకుని ఫుల్‌తో తిరిగేవాళ్లు చాలామంది.

ఈకలు రాలుతున్నాయి, పిట్ట మాత్రం పోతోంది

అసలు తిప్పలు ఇక్కడే. అందరూ పరిగెత్తి ఇంకా బిగుతు చోక్ కొంటారు. తప్పు చాలాసార్లు తూటాది.

28 గేజ్‌లో ముప్పావు ఔన్సు, 8 నంబరు (గుండు సైజు) తూటాలో సుమారు 300 గుండ్లు ఉంటాయి. అర ఔన్సు 410 తూటాలో సుమారు 205. గొట్టం సన్నం కాబట్టి అవి పొడుగ్గా, ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. సీసం మెత్తనిదైతే పేలినప్పుడు అడుగు వరుసలు నలిగి చదునవుతాయి. గుండ్రం పోయిన గుండు పక్కకు కొట్టుకుపోతుంది. చోక్ బిగిస్తే ఇంకొన్ని నలుగుతాయి, అంతే.

నాలుగడుగుల కాగితం 25 గజాల్లో కట్టి, అదే తూటాతో కాల్చండి. ఒక్క కాగితంతో తేల్చేయొద్దు, కనీసం మూడు కావాలి. గుండ్లు ఎక్కువ పడ్డ చోటు చుట్టూ 30 అంగుళాల వలయం గీయండి. నడిమధ్య ముద్దగా పడి, చుట్టూ అరచేయి పట్టేంత ఖాళీలు, వలయం బయట చెదురుమదురు చిల్లులు కనిపిస్తే చోక్ జోలికి పోకండి. సీసాన్ని గట్టిపరిచే యాంటిమొనీ ఎక్కువ కలిపిన గట్టి గుండ్ల తూటా తెచ్చి, అదే చోక్‌తో మళ్లీ కాల్చి, పాత కాగితం పక్కన పెట్టి చూడండి. ఖాళీలు పూడితే మీ జబ్బు అదే. కొత్త చోక్ ఖరీదుకు రెండు మూడు రకాల తూటాలు కొని చూడొచ్చు.

410తో 25 గజాలు దాటిన పిట్టను వదిలేయండి. గాయపడి పొదలో దూరి చచ్చే పిట్ట ఎవరికీ పనికిరాదు.

దెబ్బ పక్కకు పడుతోంది

ట్యూబ్ ఊడదీసి, మరలు తుడిచి, కీతో పూర్తిగా బిగించండి. గొట్టం వంకర పోవడం అరుదు, అది తుపాకులు బాగుచేసే మిస్త్రీ చూసుకుంటాడు. స్టీల్ గుండ్లు వాడేవాళ్లు మాత్రం ట్యూబ్ మీద స్టీల్‌కు పనికొస్తుందని రాసి ఉంటేనే పెట్టండి.