వీఎఫ్‌డీ ట్యూబ్‌కి డ్రైవర్ చిప్ కొనేముందు

ఎల్‌ఈడీలతో బాగా పనిచేసింది కదా అని యూఎల్‌ఎన్2003 తెచ్చి వీఎఫ్‌డీ (వాక్యూమ్ ఫ్లోరోసెంట్ డిస్‌ప్లే, అంకెలు వెలిగి కనిపించే గాజు గొట్టం) ట్యూబ్‌కి కట్టకండి. అది కరెంటును గ్రౌండ్‌కి లాగే చిప్. వీఎఫ్‌డీలో సెగ్మెంట్ (అంకెలోని ఒక గీత) వెలగాలంటే దాని ఆనోడ్‌కీ, ముందుండే జాలి అయిన గ్రిడ్‌కీ, వేడి తీగ అయిన ఫిలమెంట్ కంటే ఎక్కువ ప్లస్ వోల్టేజీ అందాలి. అంటే కావాల్సింది సోర్స్ డ్రైవర్, కరెంటును ప్లస్ వైపు నుంచి అందించే చిప్.

యూడీఎన్2981 ఆ పని చేస్తుంది కానీ ఆఫ్ అయినప్పుడు లైన్‌ని కిందికి లాగదు. ప్రతి లైన్‌కీ ఒక పుల్‌డౌన్ రెసిస్టర్ పెట్టకపోతే ఆరిపోవాల్సిన సెగ్మెంట్లు మసకగా వెలుగుతూనే ఉంటాయి. ఆ సోల్డరింగ్ తలనొప్పి నాకైతే వద్దు. మ్యాక్స్6921, హెచ్‌వి5812 లాంటివాటిలో ఔట్‌పుట్‌ని కిందికి లాగే ఏర్పాటు లోపలే ఉంటుంది.

ముందు లైన్లు లెక్కపెట్టుకోండి. ఐవీ-18 ట్యూబ్‌కి 9 గ్రిడ్‌లు, 8 సెగ్మెంట్ లైన్లు, మొత్తం 17. ఈ రెండు చిప్‌లలో దేనికైనా 20 ఔట్‌పుట్‌లు ఉంటాయి కాబట్టి ఒక్కటి చాలు. అదే విడివిడి ఐవీ-6 ట్యూబులు ఆరింటిని మల్టీప్లెక్స్ (అంకెలను వంతులవారీగా వెలిగించడం) లేకుండా నడిపితే 48 లైన్లు. మూడు చిప్‌లను వరసగా కలపాలి. కాకపోతే అంకెలన్నీ ఆగకుండా వెలుగుతాయి కాబట్టి తక్కువ వోల్టేజీకే మంచి వెలుగు వస్తుంది.

మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులదైతే మ్యాక్స్6921 నేరుగా సరిపోతుంది, హెచ్‌వి5812కి 5 వోల్టుల లాజిక్ కావాలి. డిస్‌ప్లేని ఆర్పే బ్లాంక్ పిన్‌కి పుల్‌అప్ (ప్లస్‌కి లాగే రెసిస్టర్) తప్పక పెట్టండి, పవర్ ఇవ్వగానే పిచ్చి అంకెలు కనిపించవు.