పాలు పడని పిల్లకాయల పుట్టినరోజుకు ఏం పెట్టాలి?

కావలిలో ఇంట్లోనే మురుకులు, చెక్కలు, పూర్ణాలు చేసి ఆర్డర్లకు ఇస్తుంటాను. మా మనవడికి పాల అలర్జీ. అందువల్ల చేసేవాళ్ళు ఏం కలుపుతారో, కొనేవాళ్ళు ఎక్కడ తికమకపడతారో రెండూ నాకు తెలుసు. "అన్నింట్లో పాలే కదక్కా, ఇంక పార్టీకి ఏం పెట్టాలి?" అని టెన్షన్ పడే తల్లుల కోసం ఇది.

ముందు మీ బిడ్డ సంగతి ఏదో డాక్టరు దగ్గర తేల్చుకోండి. కొందరికి పాలల్లోని చక్కెర, అదే లాక్టోజ్, అరగదు. కడుపుబ్బరం, విరేచనాలు అవుతాయి కానీ కాస్త పెరుగు తిన్నా చాలామందికి ఇబ్బంది ఉండదు. అలర్జీ అలా కాదు. అక్కడ పడనిది పాలల్లోని ప్రోటీన్. కొంచెం తగిలినా దద్దుర్లు, వాంతులు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం దాకా వెళ్తుంది. వీళ్ళకు లాక్టోజ్ ఫ్రీ పాలు కూడా పనికిరావు. ఆవు పాలు మాని గేదె పాలో మేక పాలో పట్టినా లాభం లేదు. నెయ్యిలోనూ ఆ ప్రోటీన్ కొద్దిగా మిగిలి ఉండొచ్చు. నేను చెప్పేవన్నీ అలర్జీ ఉన్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే.

కొట్లో "ఇందులో పాలున్నాయా?" అని అడిగితే "లేవమ్మా" అంటారు. అబద్ధమేమీ కాదు, వాళ్ళ లెక్కలో పెరుగు, వెన్న, నెయ్యి పాల కిందికి రావు. అందుకని "పిండి దేంతో కలిపావు నాయనా? గుల్లగా రావడానికి ఏం వేశావు? దేంట్లో వేయించావు?" అని విడివిడిగా అడగండి. మురుకుల్లో, చెక్కల్లో వెన్న వేయడం మామూలే. వెన్న లేకుండానూ గుల్లగా వస్తాయి. బియ్యప్పిండిలో ఉప్పు, కారం, వాము కలిపి, బాగా కాగిన నూనె గరిటెతో పోసి, వేడి తగ్గాక రెండు చేతులతో నలపాలి. పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే పొడిపొడిగా విరిగిపోవాలి. అప్పుడే నీళ్ళు పోసి కలపండి. నూనె సరిగ్గా కాగకపోతే మాత్రం మురుకు రాయే.

మైసూర్ బోండా జోలికి పోవద్దు, ఆ మైదా కలిపేదే పుల్ల పెరుగుతో. బాదుషాలోనూ పెరుగు పడుతుంది, జిలేబీ పిండిని కొందరు పెరుగుతోనే పులియబెడతారు. పునుగులు ఉత్త దోశపిండివైతే సరే. ఉర్లగడ్డ బజ్జీ, అరటికాయ బజ్జీల్లో శనగపిండి, నీళ్ళే కాబట్టి భయం లేదు, కానీ అదే మూకుట్లో పనీర్ పకోడీ వేసి తీశారేమో అడగాలి. కారం దోశ లేకుండా నెల్లూరు జిల్లాలో పార్టీ ఏంటి అంటారా? ఇంట్లోనే వేయండి. హోటల్లో నూనెతో వేయమంటే వేస్తారు గానీ, అంతకుముందు నెయ్యి దోశ కాల్చింది ఆ పెనం మీదే. బిర్యానీ ఆర్డర్ ఇస్తే కోడిమాంసం పెరుగులో నానబెట్టి ఉంటుంది. దాని బదులు టెంకాయ పాలతో పలావు చేయించండి, తాలింపు నూనెలోనే పెట్టమని గట్టిగా చెప్పండి.

తీపి విషయంలో మనకు అసలు కష్టమే లేదు. మలై కాజా పక్కన పెట్టేయండి, పేరులోనే మీగడ ఉంది. శనక్కాయల ఉండలు, నువ్వుల ఉండలు, బొరుగుల ఉండలు బెల్లం పాకంతో అయిపోతాయి. పాలు తాగని పిల్లకు నువ్వులు, రాగులు కాల్షియానికీ మంచివి. చేతికి నెయ్యి రాసుకుని ఉండ చుట్టే అలవాటు ఉంటుంది, నూనె రాసుకోమనండి. వచ్చే పిల్లల్లో ఎవరికైనా శనక్కాయలు, నువ్వులు పడవేమో వాళ్ళ అమ్మల్ని ముందే అడగండి.

ప్యాకెట్ల దగ్గర ఆకుపచ్చ చుక్క చూసి మోసపోకండి. అది శాకాహారం అని చెప్పే గుర్తు, పాలు శాకాహారమే కదా. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన 2020 నాటి లేబుల్ నిబంధనల ప్రకారం అలర్జీ తెచ్చే పదార్థాలను విడిగా చెప్పాలి. పదార్థాల పట్టీ కింద "కంటెయిన్స్ మిల్క్" అని ఉందేమో చూడండి. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసిన్, కేసినేట్ అన్నీ పాలవే. కోకో బటర్ మాత్రం పాలది కాదు. చిప్స్‌లో ఉత్త ఉప్పువి చాలావరకు మేలు, మసాలా రకాల్లో పాలపొడి దూరుతుంది. బ్రెడ్, బన్ను, బిస్కెట్లు ప్రతిసారీ చదవాల్సిందే, ఒకే కంపెనీలోనైనా రకానికీ రకానికీ తేడా ఉంటుంది.

ఇక కేకు. బేకరీలో "ఎగ్‌లెస్ తీసుకోండి" అంటారు. గుడ్డు లేని లోటు పూడ్చడానికి అందులో పెరుగో కండెన్స్‌డ్ మిల్కో వేస్తారు, మనకు ఇంకా ప్రమాదం. నాన్ డెయిరీ క్రీమ్ అన్నా, చాలా డబ్బాల మీద కేసినేట్ అని ఉంటుంది. డబ్బా చూపించకపోతే కొనొద్దు. నేను ఇంట్లో చేసేది ఇది: మైదా ఒకటిన్నర కప్పు, చక్కెర ఒక కప్పు, తీపి లేని కోకో పొడి 3 టేబుల్ స్పూన్లు, వంటసోడా 1 టీస్పూను, ఉప్పు అర టీస్పూను జల్లించి కలపాలి. అందులో ఒక కప్పు నీళ్ళు, మూడో వంతు కప్పు నూనె, టేబుల్ స్పూను నిమ్మరసం, కాస్త వెనిలా పోసి ఉండల్లేకుండా తిప్పి వెంటనే పెట్టేయాలి. పొదలకూరు నిమ్మకాయైతే ఒకటి సరిపోతుంది. నిమ్మరసం, సోడా కలిసి పొంగిస్తాయి, అందుకే ఆలస్యం చేయకూడదు. ఒవెన్లో 180 డిగ్రీల వద్ద 30 నుంచి 35 నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పైన పూతకు చక్కెర పొడి ఒక కప్పు, కోకో 2 స్పూన్లు తీసుకుని వేడినీళ్ళు స్పూను స్పూనుగా పోసి కలపండి. టెంకాయ కోరు చల్లితే చూడముచ్చటగా ఉంటుంది.

తాగడానికి నిమ్మకాయ షర్బత్, చెరకు రసం చాలు.

పార్టీలో అసలు చిక్కు గరిటెలతో వస్తుంది. పెరుగు చట్నీలో ముంచిన స్పూను పక్క గిన్నెలోకి పోతుంది. వీలైతే పార్టీ మొత్తం పాలు లేకుండా చేసేయండి, ఎవరికీ తేడా తెలియదు. కుదరకపోతే బిడ్డ వంతు ముందే వేరే డబ్బాలో తీసి పేరు రాసి పెట్టండి. కేకు తినిపించేది పెద్దలే, అందులోనూ అమ్మమ్మలు, నాయనమ్మలు. "ఒక్క ముక్కకేం కాదులే" అనే వాళ్ళను ముందే పక్కకు పిలిచి చెప్పండి. డాక్టరు రాసిచ్చిన మందు ఇంటి బీరువాలో కాకుండా మీ సంచిలో ఉండాలి. ముఖం వాచినా, ఊపిరి ఇబ్బందయినా ఆ మందు వేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వేరేవాళ్ళ ఇంటి పార్టీకి వెళ్తుంటే మెనూ ఏంటో ఫోన్ చేసి కనుక్కుని, దాదాపు అలాంటిదే కట్టుకెళ్ళండి. అక్కడ కేకైతే మీ డబ్బాలోనూ కేకే. మా వాడికి పక్కవాడి ప్లేట్లో ఉన్నదే తన ప్లేట్లోనూ ఉంటే ఇంక అడగడు.