పీడీఎఫ్ అడగకండి: ఎలక్ట్రానిక్ సాహిత్యం మొదటిసారి చదివేవాళ్లకు

కావలిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిషు చెబుతాను. ఎలక్ట్రానిక్ సాహిత్యం అనగానే ముందు బెంచీ నుంచి ఏటా ఒకటే ప్రశ్న: "పీడీఎఫ్ పెడతారా మేడమ్?" పెట్టను. కంప్యూటర్ మీద నడిస్తేనే ప్రాణం ఉండి, పీడీఎఫ్ చేస్తే చచ్చిపోయే రచననే ఎలక్ట్రానిక్ సాహిత్యం అంటారు. ఫోన్లో నవల చదవడం వేరే సంగతి.

మొదట కవి నిక్ మాంట్‌ఫోర్ట్ 2009లో రాసిన 'టరోకో గార్జ్' బ్రౌజర్లో తెరవండి. తైవాన్‌లోని ఒక లోయ మీద కవిత. తెర మీద కవితా పాదాలు అలా వస్తూనే ఉంటాయి. "దీనికి ఎండింగ్ ఏంది?" అని వెతక్కండి, లేదు. కాసేపు ఊరికే చూసి, ఏ మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత కంప్యూటర్లో కంట్రోల్, యు కలిపి నొక్కండి. చిన్న జావాస్క్రిప్ట్ కోడ్, అందులో మాటల జాబితాలు కనిపిస్తాయి. మీరు రాసుకున్న మాటలు అక్కడే ఉంటాయి.

ఆ పేజీని సేవ్ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఆ మాటలు తీసేసి మన పెంచలకోన మాటలు పెట్టండి: కొండ, బండ, మబ్బు, జలపాతం. చాలామంది కవులు ఇలాగే తమ మాటలు పెట్టి కొత్త కవితలు చేశారు, మొహమాటం అక్కర్లేదు. ఇక్కడే అసలు తంటా. ఇంగ్లిషు బహువచనం కోసం ఆ కోడ్ మాట చివర 'ఎస్' తగిలిస్తుంది. దాన్ని 'లు' చేస్తే కొండలు, బండలు బాగానే వస్తాయి, జలపాతం దగ్గర 'జలపాతంలు' అని పళ్లికిలిస్తుంది. ఆ గొడవలో పీరియడ్ అయిపోయినా పర్లేదు. ఆ కవిత ఎలా పనిచేస్తుందో నా లెక్చర్ కంటే ఈ 'లు' బాగా చెబుతుంది.

తర్వాత నెట్‌లో ఇలాంటి రచనల సంకలనం 'ఎలక్ట్రానిక్ లిటరేచర్ కలెక్షన్' చూడండి. 2006లో వచ్చిన మొదటి సంపుటిలో 60 రచనలున్నాయి, అన్నీ ఉచితమే. వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు నడిపే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2020 చివర్లో ఆపేశారు కాబట్టి కొన్ని పాతవి తెరుచుకోకపోవచ్చు. టెన్షన్ పడకుండా ఇంకోటి చూసుకోండి. షెల్లీ జాక్సన్ 1997లో చేసిన 'మై బాడీ' అందులోనే ఉంది. బొమ్మలో ఏ అవయవం నొక్కితే దాని కథ వస్తుంది. శరీరం గురించి దాపరికం లేకుండా రాసింది, నెట్ సెంటర్లో తెరవకండి. ఏ లింకు తర్వాత ఏది నొక్కారో వరసగా రాసుకోండి, రెండోసారి వేరే దారిన వెళ్లండి. పరీక్షలో రాయాల్సింది ఆ రెండు దారుల మధ్య తేడానే. బజారు గైడులో అది దొరకదు.

చివరగా లింకులతో కథలు అల్లే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో మీరే ఒకటి చేయండి. ఇది కూడా ఉచితమే. రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఏం రాస్తే అది లింకవుతుంది. కందుకూరు బస్టాండులో ఒకమ్మాయి నిలబడి ఉంది: ఒంగోలు బస్సెక్కితే ఒక కథ, కావలి బస్సెక్కితే ఇంకో కథ. బ్రౌజర్లో చేసింది ఆ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. ల్యాబ్ నుంచి లేచే ముందు ఫైలుగా పబ్లిష్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.