మూడు కార్డుల కంట్రీ పాట: ఎక్కడ తడబడతాం, ఎలా సరిచేసుకోవాలి

గిటారు మీద కంట్రీ (అమెరికా పల్లె పాటల బాణీ) నేర్చుకుంటామని వచ్చేవాళ్లకి నేను ముందు చెప్పే పాట, కార్టర్ ఫ్యామిలీ అనే అమెరికా బృందం 1935లో రికార్డు చేసిన 'కెన్ ద సర్కిల్ బి అన్‌బ్రోకెన్'. జీ, సీ, డీ కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) పట్టగలిగితే చాలు. కానీ కార్డులు వచ్చాక కూడా పాట రాదు. ఎందుకంటే...

సమస్య: కార్డులు శుభ్రంగా పలుకుతున్నాయి, అయినా కంట్రీలా వినిపించట్లేదు.

కారణం: ఆరు తీగల్నీ ఒకే తీరున పైకీ కిందికీ గీస్తున్నారు. కార్టర్ ఫ్యామిలీలో డ్రమ్స్ లేవు. మేబెల్ కార్టర్ బొటనవేలితో లావు తీగల మీద పాట పలికిస్తూ, వేలితో సన్న తీగల్ని గీసేది. తాళమూ ఆ గిటారుదే.

పరిష్కారం: నాలుగు దెబ్బల్లో 1, 3 లావు తీగకి, 2, 4 సన్న తీగల మీద గీతకి. తీగల్లో అన్నిటికన్నా లావుది 6వది, సన్నది 1వది. జీకి 6వ తీగ, గీత, 4వ తీగ, గీత. సీకి 5, గీత, 4, గీత. డీకి 4, గీత, 5, గీత. లావు తీగని మీటాక పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) గాలిలోకి లేవకూడదు, కింది తీగ మీద వాలి ఆగాలి. అప్పుడే ఆ స్వరం గుండ్రంగా వస్తుంది. వారం రోజులు ఒక్క జీ మీదే, కాలితో తాళం వేస్తూ వాయించండి. విసుగనిపించినా వదలొద్దు, సగం పాట ఇక్కడే ఉంది.

సమస్య: జీ నుంచి సీకి మారేటప్పుడు తాళం తెగిపోతోంది.

కారణం: జీని చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లతో పట్టడం. సీకి వెళ్లాలంటే మూడు వేళ్లూ కొత్త చోట్లు వెతుక్కోవాలి.

పరిష్కారం: ఉంగరపు వేలు 6వ తీగ 3వ ఫ్రెట్‌లో (గిటారు మెడ మీది కడ్డీల మధ్య గడి ఫ్రెట్), నడిమి వేలు 5వ తీగ 2వ ఫ్రెట్‌లో, చిటికెన వేలు 1వ తీగ 3వ ఫ్రెట్‌లో పెట్టండి. సీ కావాలంటే మొదటి రెండు వేళ్లూ అదే ఆకారంలో ఒక్కో తీగ కిందికి జరుగుతాయి. చిటికెన వేలు లేస్తుంది, చూపుడు వేలు 2వ తీగ 1వ ఫ్రెట్‌లో వాలుతుంది.

సమస్య: తీగ జిర్రుమంటోంది, లేదా మూగబోతోంది.

వేలు ఫ్రెట్ కడ్డీకి దూరంగా ఉంటే జిర్రుమంటుంది, కడ్డీ వెనకే ఆనించి నొక్కండి. మూగబోతే పక్క వేలు తగులుతున్నట్టే, గోరు కత్తిరించి వేలి కొనతో నిటారుగా నొక్కండి. ఎంత నొక్కినా పలక్కపోతే 12వ ఫ్రెట్ దగ్గర 6వ తీగ ఎత్తు కొలవండి. నా మొదటి గిటారుకి అది 4 మి.మీ. ఉండేది. ఆర్నెల్లపాటు తప్పు నా వేళ్లదే అనుకున్నాను. శాడిల్ (గిటారు ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) అరగదీయించి రెండున్నరకి దించాక నొప్పి సగం తగ్గింది.

సమస్య: పాట శ్రుతి గొంతుకి మరీ కిందగా ఉంది.

2వ ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టండి. అవే ఆకారాలు, శ్రుతి జీ నుంచి ఏకి పెరుగుతుంది. కాపో బిగించాక ట్యూనర్‌తో మళ్లీ శ్రుతి చూసుకోండి, బిగింపుకి తీగలు కొంచెం పైకి పోతాయి.