జూమ్ బైనాక్యులర్: మసక పోవాలంటే ముందు ఎక్కువ జూమ్‌లో సెట్ చేయండి

పాఖాల చెరువు కట్ట మీద 8-24×50 జూమ్ బైనాక్యులర్ (8 నుంచి 24 రెట్లు పెద్దదిగా చూపేది, ముందు కటకం వెడల్పు 50 మిల్లీమీటర్లు) పట్టుకుంటే 8లో కొంగ స్పష్టంగా ఉంటుంది, 20కి తిప్పగానే ఒక కంటికి మసక. చాలాసార్లు తప్పు అద్దాలది కాదు, డయాప్టర్ (రెండు కళ్ల చూపు తేడాను సరిచేసే రింగు) సెట్టింగ్‌ది.

జూమ్‌ను 20కి పెట్టి, మోచేతులు గోడకో బండకో ఆనించండి. 50-60 మీటర్ల దూరంలో అక్షరాలున్న బోర్డు చూడండి. కుడి కటకాన్ని అరచేత్తో మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చేయండి. తర్వాత ఎడమది మూసి, కుడి ఐపీస్ (కంటి వైపు కటకం) మీది డయాప్టర్ రింగు మాత్రమే తిప్పండి. అక్షరం అంచు పదునుగా కనబడగానే ఆపేయాలి. గుచ్చిగుచ్చి చూస్తూ ఉంటే కన్నే సర్దుకుని మోసం చేస్తుంది. రింగు గీత దగ్గర పెన్నుతో చుక్క పెట్టుకోండి, సంచిలో రుద్దుకుని అది తెగ జరుగుతుంటుంది.

పిట్టను వెతికేది ఎప్పుడూ 8లోనే. మధ్యలోకి తెచ్చుకున్నాక 12-14కి పెంచండి. అంతకు మించితే చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది, స్టాండ్ కావాలి. పొద్దుగూకే వేళ 24 అసలు వద్దు: 50ని 24తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు వలయం 2 మిల్లీమీటర్లే, 8లో 6 పైన.

జూమ్ పెంచినప్పుడు బొమ్మ రెండుగా విడిపోతే ఈ పద్ధతి పనిచేయదు. రెండు గొట్టాలు ఒక వరుసలో లేవన్నమాట. అది కొన్నచోటే మార్పించుకోండి.